తమ్ముడు ఎప్పుడు బయటికొస్తాడు? ముగ్గురు మూడు తేదీలు చెప్తున్నారు

కొత్తపేట_అక్క
మా తమ్ముడు చీటింగ్ కేసులో లోపల ఉన్నాడు. 2024 నవంబరు 18న తీర్పు వచ్చింది, ఆ రోజే జైలుకి తీసుకెళ్ళారు. 420 కింద రెండేళ్లు, 406 (నమ్మకద్రోహం) కింద ఏడాది, రెండూ ఏకకాలంలో అన్నారు. జరిమానా కూడా వేశారు. శిక్ష పడిందని నేను ఏడవడం లేదు, చేసినదానికి వాడే పడుతున్నాడు. ఎప్పుడు వదులుతారో చెప్పే నాథుడు లేడు, అదీ నా బాధ. లాయరు గారు "నవంబరు 17, రెండేళ్లు పూర్తి" అంటారు. తమ్ముడు ములాఖత్‌లో "వినాయక చవితికి ఇంట్లో ఉంటా" అంటాడు. జైలు కౌంటర్లో ఉన్నాయన రిజిస్టరు తిరగేసి "వచ్చే ఏడాది మార్చి దాకా చూసుకోండమ్మా" అన్నాడు. ఎందుకని అడిగేలోపే వెనక వాళ్ళని పిలిచాడు. ఆన్‌లైన్లో చూసుకునే దారి ఏదైనా ఉందా?

ముక్కుసూటి
జైల్లో పగలు ఒక రోజు, రాత్రి ఒక రోజు లెక్క. రెండేళ్లంటే ఏడాదే. మీవాడు ఈపాటికి బయట ఉండాలి. ఎవరో తొక్కిపెట్టారు.

పాత_వార్డరు
@ముక్కుసూటి ఈ పగలు-రాత్రి లెక్క ముప్పై ఏళ్ళు సర్వీసులో విన్నాను, రిటైరయ్యాక కూడా వినాల్సి వస్తోంది. అలాంటిది ఏ రూల్‌బుక్కులోనూ లేదు. ఇరవై నాలుగు గంటలు గడిస్తే ఒక రోజు, బయటైనా లోపలైనా.

ముక్కుసూటి
మరి యావజ్జీవం పద్నాలుగేళ్లు ఎలా అయింది సార్?

పాత_వార్డరు
అది కూడా కాలేదు. దానికి విడిగా చెప్తాను. ముందు ఆవిడ సంగతి చూద్దాం. అమ్మా, మూడు విషయాలు రాయండి. తీర్పుకి ముందు రిమాండులో ఎన్నాళ్ళు ఉన్నాడు, జరిమానా ఎంత, కట్టారా లేదా.

పెసరట్టు_ఉప్మా
ముగ్గురు చెప్పిన మూడు తేదీల్లో జైలు కౌంటర్ ఆయన మాటే నిజమవుతుంది, రాసి పెట్టుకోండి. చేదుగా ఉండేది ఎప్పుడూ నిజమే.

డల్లాస్_బుల్లోడు
ఇక్కడ అమెరికాలో ఫెడరల్ జైళ్ల వెబ్‌సైట్లో ఖైదీ పేరు కొడితే విడుదల తేదీ నేరుగా కనిపిస్తుంది. సత్ప్రవర్తనకి ఏడాదికి 54 రోజుల దాకా తగ్గింపు, అదీ చట్టంలోనే రాసి ఉంటుంది. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. మనదగ్గర ఇంత ఐటీ ఉండి ఇదొక్కటి పెట్టలేరా?

కూకట్‌పల్లి_కుర్రాడు
@డల్లాస్_బుల్లోడు పెడితే మొదట చూసేది సంబంధాలు మాట్లాడే పెళ్ళిళ్ల పేరయ్యలే. చిన్నాన్న జైలుకెళ్ళాడని అమ్మాయి పెళ్ళి ఆగిపోతుంది. వద్దు బాబోయ్.

డల్లాస్_బుల్లోడు
అందరికీ కాకపోయినా ఇంట్లోవాళ్ళకి ఓటీపీతో చూపించొచ్చుగా. ఒక్క తేదీ కోసం ఆవిడ ముగ్గురి చుట్టూ తిరుగుతోంది చూడండి.

కోర్టు_కారిడార్
మనకీ ఈ-ప్రిజన్స్ అని సాఫ్ట్‌వేర్ ఉంది. శిక్ష వివరాలు అందులో జైలువాళ్ళు ఎక్కిస్తారు. మనలాంటి వాళ్ళకి అందులో పనికొచ్చేది ఈ-ములాఖత్, అంటే కలవడానికి ముందుగా పేరు నమోదు చేసుకోవడం. తీర్పు మాత్రం కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ విడిగా ఉండే నంబరు) కొడితే దొరుకుతుంది. @కొత్తపేట_అక్క, తీర్పు కాపీ మీ దగ్గర ఉందా? శిక్ష పడిన ముద్దాయికి అది ఉచితంగా ఇవ్వాలి. ఆఖరి రెండు పేజీలు చూస్తే మీ సగం ప్రశ్న అక్కడే తేలుతుంది.

కొత్తపేట_అక్క
కాపీ ఉంది. ఇప్పుడే బీరువాలోంచి తీశాను. రిమాండులో 70 రోజులు ఉన్నాడు. అరవై రోజుల్లో ఛార్జిషీటు వెయ్యలేదని బెయిల్ వచ్చింది, జామీనుదారులు దొరక్క ఇంకో పది రోజులు లోపలే ఉండిపోయాడు. జరిమానా 420 కింద పదివేలు, 406 కింద ఐదువేలు. "చెల్లించని పక్షంలో ఒక్కొక్క దానికి మూడు నెలల సాధారణ జైలు" అని ఉంది. కట్టలేదు. శిక్ష అనుభవిస్తున్నాడు కదా, డబ్బెందుకు కట్టడం అని నాన్నగారు అన్నారు.

కోర్టు_కారిడార్
ఇదిగో, ముడి ఇక్కడే ఉంది. నేను కోర్టులో గుమాస్తాని, లాయర్ని కాదు, కానీ ఇలాంటి వారెంట్లు రోజూ చేతులు మారతాయి. వరసగా చూడండి.

2024 నవంబరు 18 నుంచి రెండేళ్లు అంటే 2026 నవంబరు 17. మీ లాయరు గారి తేదీ అదే. 406 కింద ఏడాది ఏకకాలం కాబట్టి అందులోనే కలిసిపోయింది, విడిగా లెక్కపెట్టనక్కర్లేదు.

తర్వాత సెటాఫ్. అదే కేసులో తీర్పుకి ముందు రిమాండులో గడిపిన రోజుల్ని శిక్షలోంచి తీసెయ్యాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 428వ సెక్షన్, దాని బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 468. నవంబరు 17 లోంచి 70 రోజులు వెనక్కి వెళ్తే సెప్టెంబరు 8. వినాయక చవితి సెప్టెంబరు 14. మీ తమ్ముడి తేదీ అదన్నమాట.

ఇక జరిమానా. కట్టకపోతే పడే జైలు అసలు శిక్షతో పాటు నడవదు, అది అయ్యాక మొదలవుతుంది. మూడు, మూడు, ఆరు నెలలు. సెప్టెంబరు 8 మీద ఆరు నెలలు వేస్తే 2027 మార్చి 8. కౌంటర్లో ఆయన చెప్పింది అదే. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఒక్కొక్కరు ఒక్కో మెట్టు దగ్గర ఆగిపోయారు.

పెసరట్టు_ఉప్మా
చెప్పానా, కౌంటర్ ఆయనే అని.

నల్లగొండ_నాని
@కోర్టు_కారిడార్ వ్యాఖ్యని ఎవరైనా పైన పిన్ చేయండి.

కొత్తపేట_అక్క
చదువుతుంటే చేతులు వణికాయి. పదిహేను వేలకి ఆరు నెలలా? ఇప్పుడు కడితే ఆ ఆరు నెలలు పోతాయా?

కోర్టు_కారిడార్
పోతాయి. ఆ జైలు మొదలయ్యాక కట్టినా అక్కడితో ఆగిపోతుంది, కొంత కడితే ఆ మేరకు రోజులు తగ్గుతాయి. కానీ అంతదాకా ఎందుకు? శిక్ష వేసిన కోర్టులో కట్టండి, కేసు నంబరు, ఖైదీ పేరు, జైలు పేరు సరిగ్గా రాయించండి, రసీదు తీసుకోండి. జరిమానా కట్టినట్టు కోర్టు నుంచి జైలుకి కబురు వెళ్ళాలి, అది వెళ్ళిందో లేదో మీరే కనుక్కోండి. కాగితం కోర్టు బీరువాలో, మనిషి జైల్లో ఉండిపోయిన కేసులు నేను చూశాను.

ముక్కుసూటి
నేనైతే కట్టను. ఆరు నెలలు కూర్చుంటే పదిహేను వేలు మిగులుతాయి.

నల్లగొండ_నాని
@ముక్కుసూటి కూర్చునేది నువ్వు కాదుగా అన్నా.

వనస్థలిపురం_టీచరు
కట్టలేని వాళ్ళకి కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది, పేద ఖైదీలకి ఆర్థిక సాయం అని. మొదట పెట్టిన పరిమితి జరిమానాకి 25,000 దాకా, బెయిల్ పూచీకత్తుకి 40,000 దాకా. జిల్లా స్థాయి కమిటీ చూస్తుంది. జైలు సూపరింటెండెంట్‌కి గానీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి గానీ చెప్పాలి. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. మా స్కూలు ఆయా కొడుకుకి అక్కడి నుంచే వకీలుని పెట్టారు, పైసా తీసుకోలేదు.

గాజువాక_గాలి
ఆ పథకం గంజాయి కేసులకి వర్తించదు. మా వీధిలో ముగ్గురు అడిగి వచ్చారు. అసలు మత్తుమందుల చట్టం ఎన్డీపీఎస్‌లో 32ఏ అని ఒక సెక్షన్ ఉంది, శిక్ష పడ్డవాళ్ళకి రెమిషన్ (శిక్షలో తగ్గింపు) కూడా లేకుండా చేసింది. కాబట్టి మా వైపు ఆటో నడుపుతూ దొరికిన కుర్రాడికి పదేళ్లు పడితే పదేళ్లే. విశాఖ సెంట్రల్ జైల్లో ఎక్కువమంది ఆ బాపతే. తేదీ లెక్క మాత్రం సుఖం, రిమాండు తీసేస్తే చాలు, ఇంకేం తగ్గదు.

పాత_వార్డరు
గాజువాక తమ్ముడు రెమిషన్ ఎత్తాడు కాబట్టి చెప్తాను. అమ్మా, కోర్టు_కారిడార్ గారి లెక్కలో ఇంకా ఒకటి కలవాలి. సెప్టెంబరు 8 అన్నది ఏ తగ్గింపూ లేకుండా. నడవడిక బాగుండి, ఇచ్చిన పని చేస్తుంటే నెలకి కొన్ని రోజుల చొప్పున రెమిషన్ వస్తుంది. మీ తమ్ముడికి పడింది 420, రెమిషన్ ఉంటుంది. లోపల గొడవపడినా, సెల్‌ఫోన్‌తో దొరికినా సంపాదించింది కూడా కోసేస్తారు. అందుకే రెమిషన్ ఉన్న ఖైదీకి ఏ జైలువాడూ ఏడాది ముందు ఖచ్చితమైన తేదీ రాసివ్వడు. రేపు వాడు ఎవడి చొక్కా పట్టుకుంటాడో మాకేం తెలుసు? పెరోల్‌లో గడిపిన రోజుల్నీ శిక్షలో కలపరు, అది కూడా చాలామందికి తెలీదు.

ప్రతి శిక్ష ఖైదీకీ హిస్టరీ టికెట్ ఉంటుంది. సీటీ నంబరు (శిక్ష ఖైదీ నంబరు), సెక్షన్లు, శిక్ష, సెటాఫ్, జరిమానా, రెమిషన్ అన్నీ అందులో ఎక్కుతాయి. తమ్ముడితో చెప్పండి, సూపరింటెండెంట్ రౌండ్‌కి వచ్చినప్పుడు "సార్, నా టికెట్‌లో సెటాఫ్ 70 రోజులు ఎక్కిందా, రెమిషన్ ఎంత పడింది" అని వాడే అడగాలి. ఎప్పుడు వదులుతారు సార్ అని అడిగితే "చూద్దాంలే" అంటారు. టికెట్‌లో ఏముంది అని అడిగితే చూసి చెప్పాల్సిందే.

అనంత_రైటర్
సెటాఫ్ ఎక్కిందా అన్నది చాలా ముఖ్యం. మా మేనమామ విషయంలో కోర్టు నుంచి వచ్చిన వారెంట్‌లో రిమాండు రోజుల గడి ఖాళీగా వదిలేశారు. జైలువాళ్ళు వారెంట్‌లో ఉన్నదే చూస్తారు, లేనిది వాళ్ళు వెతకరు. మా లాయరు అదే కోర్టులో మెమో (చిన్న రాతపూర్వక విన్నపం) వేసి సవరించిన కాగితం పంపించాక గానీ తేదీ మారలేదు. ఆ గడి ఎవరు నింపాలో తెలుసుకోవడానికే మాకు ఒక వేసవి పట్టింది.

తెనాలి_తెలివి
సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడగండి. మనిషి స్వేచ్ఛకి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలి, 7(1)లో ఉంది. అంతే, గేటు దగ్గర పడిగాపులు అక్కర్లేదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
48 గంటలు కాగితం మీద. నేను వేస్తే "మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపారు. తమ్ముడు నాకు మూడో వ్యక్తట!

తెనాలి_తెలివి
దరఖాస్తు ఖైదీ పేరు మీదే వెయ్యాలి బాస్. లోపల సంతకం పెట్టించి పంపితే ఆ సాకు చెల్లదు. స్వేచ్ఛ ఎలా ముడిపడి ఉందో ఒక్క వాక్యం రాయాలి, "శిక్షకి మించి ఉంచుతున్నారని అనుమానం" అని.

పాత_వార్డరు
ముందు మామూలు అర్జీ, తర్వాత ఆర్టీఐ. మొదటిరోజే ఆర్టీఐ పడితే ఆఫీసులో మొహాలు మాడతాయి. ఇది నియమం కాదు, లోకం తీరు.

తెనాలి_తెలివి
మొహాలు మాడినా తేదీ వస్తే చాలు సార్. మర్యాదకి పోతే మనవాడు ఇంకో పండగ లోపలే చేసుకుంటాడు. ఛత్తీస్‌గఢ్‌లో ఒకాయనకి హైకోర్టు శిక్షని ఏడేళ్లకి తగ్గించినా పదేళ్లు దాటాక గానీ బయటికి రాలేదు. సుప్రీంకోర్టు 2022లో ఏడున్నర లక్షల పరిహారం ఇప్పించింది. ఆయన కూడా మర్యాదగానే ఉండుంటాడు.

పెసరట్టు_ఉప్మా
ఇది పాయింటు. వార్డరు గారూ, జవాబు చెప్పండి.

పాత_వార్డరు
జవాబేముంది, జరిగింది తప్పే. అర్జీ పెట్టి వారం చూడండి, కదలకపోతే ఆర్టీఐ వెయ్యండి. అంతకంటే ఆలస్యం చెయ్యమని నేను అనలేదు.

హన్మకొండ_చాయ్
యావజ్జీవం సంగతి విడిగా చెప్తానన్నారు, మర్చిపోకండి. మా పెద్దనాయన లోపల పద్నాలుగేళ్లు దాటిండు. వరంగల్ జైలు 2021లో ఖాళీ చేసినప్పుడు వేరే జైలుకి మార్చిన్రు. పద్నాలుగు నిండినాక కూడా ఎందుకు వదుల్తలేరు?

పాత_వార్డరు
యావజ్జీవం అంటే బతికినంత కాలమే. సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. పద్నాలుగు అన్నది విడుదలకి కాదు, విడుదల గురించి ఆలోచించడానికి. హత్య లాంటి కేసుల్లో అసలు శిక్ష పద్నాలుగేళ్లు నిండకుండా ప్రభుత్వం క్షమాభిక్ష కింద వదలకూడదు, పాత సీఆర్‌పీసీ 433ఏ అదే చెప్తుంది. నిండాక రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి. ఆ జీవోలో అర్హతలు, ఏ నేరాలవాళ్ళకి వర్తించదో ఆ జాబితా ఉంటాయి. తెలంగాణలో 2024 జులైలో 213 మందిని వదిలారు, చాలామంది జీవిత ఖైదీలే. ఆంధ్రలో 2020 నవంబరులో మహిళా జీవిత ఖైదీల్ని 53 మందిని వదిలారు. జీవో వస్తే వస్తుంది, లేకపోతే లేదు. కేలండర్లో వెతికితే దొరికే తేదీ కాదు.

హన్మకొండ_చాయ్
ప్రతి ఆగస్టు 15 ముందు ఒకాయన ఫోన్ చేస్తడు, "లిస్టులో పేరు పెట్టిస్తా, యాభై వేలు" అని. పోయిన జనవరి 26కి కూడా అదే మాట.

పాత_వార్డరు
ఒక్క రూపాయి ఇవ్వకండి. అర్హుల జాబితా జైలు నుంచే కమిటీకి వెళ్తుంది. పెద్దనాన్న గారి పేరు పంపారా లేదా, పంపకపోతే ఏ కారణం రాశారు, ఇది అడగండి. సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది, విధానం ఉన్న రాష్ట్రాల్లో ఖైదీ దరఖాస్తు పెట్టకపోయినా అర్హత రాగానే ప్రభుత్వమే పరిశీలించాలని. తిరస్కరిస్తే కారణం తెలపాలి. ఆ కాగితం పట్టుకుని హైకోర్టుకి వెళ్ళొచ్చు.

సిరిసిల్ల_చిన్నోడు
మీ లెక్కలు చూస్తే మాకు ఈర్ష్య. దుబాయ్, సౌదీ జైళ్లలో ఉన్నోళ్ల ఇంట్లోవాళ్ళకి ఈ మాత్రం కూడా తెల్వదు. మా జిల్లావాళ్ళు ఐదుగురు దుబాయ్‌లో పద్దెనిమిదేళ్లు ఉండి 2024 ఫిబ్రవరిలో ఇంటికొచ్చిన్రు, పేపర్లల్ల అంతా చూసిన్రు. అక్కడ శిక్ష అయిపోయినా బాధితుల పరిహారమో అప్పు కేసో ఉంటే వదలరు. అదీ అయినాక దేశం నుంచి పంపించే కాగితాలు, టికెట్, ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనోళ్లకి ఎంబసీ ఇచ్చే ప్రయాణ కాగితం). మా బావ శిక్ష ముగిసినంక కూడా పాస్‌పోర్టు దొరకలేదని ఆగిండు. ఎవరన్నా ఉంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టి నంబరు దాచుకోండ్రి, ఎంబసీవాళ్ళు జైలుకి పోయి అడిగేటప్పుడు ఆ నంబరే పనికొస్తది.

కొత్తపేట_అక్క
అందరికీ దండాలు. జరిమానా కట్టేశాం. నాన్నగారు ఇంకా గొణుగుతున్నారు గానీ రసీదు చూశాక కాస్త మెత్తబడ్డారు. తమ్ముడు కూడా టికెట్ సంగతి అడిగాడట. సెటాఫ్ 70 ఎక్కే ఉంది. ఇక తేదీ ఆగస్టులోకి రావచ్చని అన్నారట, కాగితం మీద మాత్రం ఇవ్వలేదు.

అనంత_రైటర్
శుభం. అప్పీలు వేశారా?

కొత్తపేట_అక్క
లేదండీ. ముప్పై రోజుల్లో వెయ్యాలన్నారు, అప్పటికి చేతిలో డబ్బు లేదు.

పాత_వార్డరు
ఒక్క ప్రశ్న మిగిలిపోయింది. తమ్ముడి మీద వేరే స్టేషన్లో ఇంకే కేసైనా ఉందా? ఈ శిక్ష పూర్తయినా ఇంకో కేసులో పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ణి తన ముందుకు తెమ్మని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) వచ్చి ఉంటే గేటు దాటనివ్వరు, ఆ కోర్టుకి తీసుకెళ్తారు. సెటాఫ్ కూడా ఒక కేసు రిమాండు ఇంకో కేసుకి ఊరికే కలవదు.

కొత్తపేట_అక్క
ఉంది సార్... పక్క మండలంలో ఒకాయన పెట్టిన కేసు. దాంట్లో అరెస్టు చెయ్యలేదు, నోటీసే ఇచ్చారు. తర్వాత ఏమైందో మాకు తెలీదు.

కోర్టు_కారిడార్
అది ఇవాళే చూడండి. ఈ-కోర్ట్స్‌లో పేరుతో, ఎఫ్ఐఆర్ నంబరుతో కూడా వెతకొచ్చు. ఛార్జిషీటు పడి వాయిదాలు నడుస్తుంటే, తమ్ముడు హాజరు కావడం లేదని నాన్-బెయిలబుల్ వారెంట్ వేసి ఉండొచ్చు. జైల్లో ఉన్నాడన్న సంగతి ఆ కోర్టుకి తెలియకపోవచ్చు. లాయరుతో మెమో వేయించి, అవసరమైతే అక్కడ బెయిల్ తెచ్చి, జామీనులు ముందే సిద్ధం చేసుకోండి. పోయినసారి జామీనుకే పది రోజులు పోయాయి అన్నారుగా.

కూకట్‌పల్లి_కుర్రాడు
హైదరాబాద్‌లో అయితే పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కూడా చూసుకోవాలి. మా పక్కింటాయనకి బెయిల్ వచ్చింది, ఇంట్లో బిర్యానీ వండారు, లోపలే డిటెన్షన్ ఆర్డర్ చేతిలో పెట్టారు. దాంతో పన్నెండు నెలల దాకా ఉంచొచ్చు.

వనస్థలిపురం_టీచరు
బెయిల్ మీద వచ్చేవాళ్ళకి ఇంకో మాట. 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, బెయిల్ ఆర్డర్ కాపీ అదే రోజు లేదా మర్నాడు జైలుకి ఈమెయిల్ చెయ్యాలి, ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థకి చెప్పాలి అని. ఎవరైనా ఇరుక్కుంటే ఆ సంస్థ కార్యదర్శిని అడగండి.

కొత్తపేట_అక్క
చూశాను. కేసు నడుస్తోంది, వారెంట్ వేశారు, వాయిదా వచ్చే నెల 9న. లాయరు గారికి ఫోన్ చేస్తే "అవునా!" అన్నారు. ఆయనే అలా అంటే నేనేం కావాలి.

తెనాలి_తెలివి
లాయర్ని మార్చండి.

కోర్టు_కారిడార్
మార్చేది తర్వాత. ముందు ఆ 9వ తేదీకి ఎవరో ఒకరు కోర్టులో ఉండాలి. జైలు పేరు, సీటీ నంబరు రాసిన మెమో చాలు. మీ లాయరు కదలకపోతే టీచరు గారు చెప్పిన 15100కి ఫోన్ చెయ్యండి.

గాజువాక_గాలి
విడుదల రోజు సంగతి కూడా ఎవరైనా చెప్పండి, ఎన్నింటికి వెళ్ళాలి?

పాత_వార్డరు
శిక్ష పూర్తయిన వాళ్ళని మామూలుగా ఉదయం పూటే పంపేస్తారు. బెయిల్ మీద అయితే కాగితం ఎప్పుడొస్తే అప్పుడు, సాయంత్రం లాకప్ అయ్యాక వస్తే మర్నాడే. జైల్లో జమ ఉన్న డబ్బు, వస్తువులు, కూలి బాకీ లెక్క చూసి సంతకం పెట్టించుకుంటారు. ఇంటి నుంచి ఒక జత బట్టలు తీసుకెళ్ళండి, వెళ్ళేటప్పుడు వేసుకున్న ప్యాంటు ఎవరికీ సరిపోదు.

పెసరట్టు_ఉప్మా
జైలు కూడుకి లావవుతారా సన్నబడతారా?

పాత_వార్డరు
రెండూ చూశాను.

కర్నూలు_కారం
మా బాబాయికి చెక్ బౌన్స్‌లో ఆరు నెలలు పడింది, నష్టపరిహారం కూడా కట్టాలట. అది కట్టకపోతే కూడా ఇలాగే అదనంగా జైలా?

కోర్టు_కారిడార్
తీర్పులో ఏం రాశారో చూడకుండా చెప్పలేను. కొత్త చర్చ మొదలుపెట్టి ఆఖరి పేజీ ఫొటో పెట్టండి, పేర్లు చెరిపేసి.